తౌబా చేసినవారికి తోడు

 

మద్యం హరామ్ అని మనలో తెలియనివారు లేరు. అయినా కొన్ని ఇళ్లలో ఈ జబ్బు ఉంది. పరువు పోతుందని తలుపులు మూసుకోవడంతో అది ముదురుతోంది. పదేపదే తాగి శిక్షపడిన మనిషిని ఒకరు శపిస్తే, శపించవద్దని ప్రవక్త (స) వారించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. మాకూ అదే దారి.

తాగుడుకు బానిసలైన ఇద్దరు 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒకరికొకరు తోడై మొదలుపెట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ దీని సమావేశాలు జరుగుతాయి. ఫీజు లేదు, మానాలన్న కోరిక చాలు. అక్కడ విన్నది అక్కడే ఉంచడం వారి కట్టుబాటు. ఓపెన్ మీటింగుకు ఇంటివారూ వెళ్లవచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికే. కుటుంబాలకు అల్-అనాన్ వేరే ఉంది. కొన్నిచోట్ల చర్చి గదిలో జరుగుతుందని మనవాళ్లు వెనకాడతారు. గది చర్చిదే కావచ్చు, సంఘం ఏ మతానికీ చెందినది కాదు.

ఈ సంఘం బయటివారి చందా తీసుకోదు. మరి మీ సొమ్ము దేనికి? ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరు, ఆ తర్వాత మీటింగు. ఆ వైద్యానికి, అన్నాళ్లూ ఇంటి ఖర్చుకు, బస్సు చార్జీలకు మీ సదఖా కావాలి. సలహాకు 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సొమ్ముకన్నా ముందు ఒకటి అడుగుతున్నాం. మొదటి మీటింగుకు గుమ్మం దాకా వెంట వెళ్లండి. ఆయన మసీదుకు వచ్చిననాడు సఫ్‌లో మీ పక్కన చోటివ్వండి.