పల్లె దవాఖానలో గాజు గొట్టం



వానలు పడి పత్తి చేలల్లో కలుపుతీత మొదలైందంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాముకాట్లు కూడా మొదలైనట్టే. పొద్దుగూకే వేళ ఒకామెను ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెస్తారు. ఏం పాము కరిచిందో చూసినవాళ్లు లేరు. అప్పుడు డాక్టరు చేసే ముఖ్యమైన పరీక్షకు యంత్రం అక్కర్లేదు. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర వంటి పాము విషం ఒంట్లోకి ఎక్కిందన్నమాట. వెంటనే విరుగుడు మొదలుపెట్టాలి.

ఆ గొట్టాన్ని సబ్బుపొడితో కడిగి సరిగా జాడించకపోతే మంచి రక్తం కూడా గడ్డకట్టదు. ప్లాస్టిక్ గొట్టమైతే ఫలితాన్ని అసలే నమ్మలేం. అలా విషం ఎక్కని మనిషికి విరుగుడు ఎక్కించే ప్రమాదం ఉంది. గుర్రం రక్తం నుంచి తీసిన మందు అది; కొందరికి దద్దుర్లు లేచి, ఊపిరాడక ప్రాణం మీదికొస్తుంది. అందుకే అడ్రినలిన్‌ను ముందే సిరంజిలోకి తీసి పక్కన ఉంచుకోవాలి. ఇంకో మాట: కట్లపాము, నాగుపాము కాటేస్తే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కనురెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టమవుతోందా అని చూస్తూ ఉండాలి. గొట్టంలో రక్తం గడ్డకట్టిందని రోగిని ఇంటికి పంపకూడదు.

దవాఖాన నాణ్యతను నేను ఇక్కడే వెతుకుతాను. గొట్టం కడిగిన మనిషి శ్రద్ధ డాక్టరు చదువుతో సమానం.

కేంద్ర ఆరోగ్య శాఖ జాతీయ నాణ్యతా ప్రమాణాలను 2013లో జిల్లా ఆసుపత్రులకు, ఆ మరుసటేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తెచ్చింది. బయటి పరిశీలకులు వచ్చి, మందుల గది నుంచి కాన్పుల గది దాకా చూసి మార్కులు వేస్తారు. కనీసం నూటికి 70 రావాలి. గుర్తింపు మూడేళ్లు ఉంటుంది.

మార్కుల పట్టికలో చిన్నగా కనిపించే పనులే చాలా బరువైనవి. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. తట్టు టీకా సీసా కలిపిన నాలుగు గంటలకు, ఎన్ని డోసులు మిగిలినా పారేయాలి. అందులో క్రిములు పెరిగితే పిల్లల ప్రాణాలే పోవచ్చు. మందు పారేస్తున్నారని నర్సమ్మను తప్పుపట్టకండి, ఆమె చేస్తున్నది మీ బిడ్డ కోసమే.

సూది సంగతి కూడా చెప్పాలి. "సారూ, గోలీలతోని తగ్గుతలేదు, ఒక సూదెయ్యున్రి" అని అడగడం మన ఊళ్లలో అలవాటు. గోలీతో తగ్గే జ్వరానికి సూది అనవసరం. పిరుదు మీద తప్పు చోట పడితే నరం దెబ్బతిని కాలు ఈడ్చాల్సి రావచ్చు. వాడిన సూదిని మళ్లీ వాడితే కామెర్లు, హెచ్ఐవీ అంటుకోవచ్చు. కొత్త సిరంజి ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పమని అడగండి. వాడిన సూది కట్టర్‌లో తెగి, గుచ్చుకోని తెల్ల డబ్బాలో పడాలి. ఊరి ఆరెంపీ దగ్గరైనా, పట్నం క్లినిక్‌లోనైనా ఇదే అడగండి. మంచి వైద్యుడు నొచ్చుకోడు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలున్నారు. నొప్పి భరించలేక ఏళ్ల తరబడి నొప్పి గోలీలు, సూదులు తీసుకుంటే మూత్రపిండాలు పాడవుతాయి. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టండి, రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూడమని అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తాన్ని జిల్లాలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ప్రయోగశాలకు పంపి ఉచితంగా పరీక్షిస్తారు.