ట్రాక్టరు మనది, తాళం వాళ్లది



అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టరు మొరాయిస్తే పానాలతో పని జరగదు. లోపలి సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ తాళం వేసింది. కొన్ని మరమ్మతులకు డీలరు మనిషి రావాల్సి వచ్చేది. కోతల రోజుల్లో అదెంత నరకమో మనకు ఒకరు చెప్పాలా?

చిత్రమేమంటే, ఆ యంత్రాల్లో వాడింది లినక్స్. వేలమంది కలిసి రాసి అందరికీ వదిలిన ప్రోగ్రాం. దాని జీపీఎల్ లైసెన్సు వాడుకోమంటుంది, మార్చుకోమంటుంది, అమ్ముకోమని కూడా అంటుంది. కొన్నవాళ్లకు మాత్రం ఆ సోర్సు కోడ్ ఇచ్చితీరాలి. పక్క రైతు దగ్గర విత్తనం తెచ్చుకుని, పండాక గింజ లేదంటే ఊరుకుంటామా? కంపెనీ ఆ షరతు మీరుతోందని 2023 మార్చిలో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే సంస్థ బహిరంగంగానే నిలదీసింది.

మనం ట్రాక్టరు కొనేటప్పుడు కిస్తీ, వడ్డీ అడుగుతాం. చెడిపోతే మన ఊరి మెకానిక్ విప్పొచ్చా అని కూడా అడుగుదాం. కాగితం మీద రాయించుకుందాం.