చెలియలికట్ట దాటుచున్న సముద్రము



సముద్రమునకు చెలియలికట్ట హద్దని పెద్దల మాట. ఆ హద్దు నేడు జరుగుచున్నది. 1901 మొదలు 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు జానెడు, పెరిగినది. తొలి డెబ్బది యేండ్లలో సగటున ఏటికి 1.3 మిల్లీమీటర్లు హెచ్చగా, 2006-2018 నడుమ 3.7 చొప్పున హెచ్చినది.

దీనికి ముఖ్యకారణములు రెండు: వేడిమిచే సముద్రజలము వ్యాకోచించుట, నేలపైనున్న మంచు కరగి కడలిలో చేరుట.

ఈ వేడిమి సూర్యుని వలన గాదా యని కొందరి సందేహము. అట్లయినచో వాయుమండలమంతయు వేడెక్కవలెను. కాని క్రింది పొర వేడెక్కుచుండ ఎగువ పొర చల్లబడుచున్నది. బొగ్గు, చమురు మండించుటచే పుట్టు బొగ్గుపులుసు వాయువు భూమి వేడిమిని కంబళివలె పట్టియుంచుటయే ఇందులకు హేతువు. 1750 ప్రాంతమున గాలిలో లక్ష పాళ్లకు 28 గా నుండిన ఆ వాయువు నేడు 42 దాటినది.

సముద్రము పెరిగినకొలది కృష్ణా, గోదావరి డెల్టాల పల్లపు భూములకును, మంచినీటి బావులకును ఉప్పునీటి భయము హెచ్చును. మానవుడు తెచ్చిన కీడును మానవుడే తగ్గింపవలెను. చదివినవారు చదువనివారికి ఈ సంగతి తెలుపుట గ్రంథాలయధర్మము.