నూతన విద్యాసంవత్సరమునకు పాఠశాలాధికారుల సన్నాహము



మార్చి నెల యనగా నేమో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఏప్రిలు మొదటి తేదీన క్రొత్త లెక్క తెరచుటకు ముందే పాత లెక్క ముగియవలె ననియు, రావలసిన సామగ్రికి ఇండెంటు ఎన్నడో పోయి యుండవలె ననియు నిన్న చేరిన గుమాస్తాకును తెలియును. పాఠశాలకును అట్టి మార్చి యొకటి కలదు. గుజరాతు రాష్ట్రమున నది మే నెలలో వచ్చును. 2025లో వేసవి సెలవులు మే 5న ప్రారంభమై జూన్ 8తో ముగిసినవి. అనగా 35 దినములు. బాలురకు అవి విశ్రాంతి దినములు. పాఠశాల నడుపువారికి మాత్రము సంవత్సర మంతటిలో మిక్కిలి పని గల దినములు. జూన్ నెలలో గంట కొట్టిన పిమ్మట పని మొదలుపెట్టు పాఠశాల దీపావళి వరకు తన్ను తాను సర్దుకొనుచునే యుండును.

సన్నాహ మనగానే సున్నము వేయుట, విరిగిన బల్లలు బాగుచేయుట, కాలపట్టిక వ్రాయుట, ఇవియే తోచును. ఇవియు వలసినవే. కాని కొంత డబ్బును, ఒక వడ్రంగియు, తీరిక గల మధ్యాహ్నములు రెండును ఉన్నచో ఇవి జరిగిపోవును. జూన్ నెలలో బడికి ఎవరు రానున్నారు, ఎవరు ఆలస్యముగ రానున్నారు, ఎవరు అసలే రాకపోవచ్చును అను సంగతిని ముందుగ తెలిసికొనుట కష్టమైన పని. సూరతు నగరములోని పర్వత్ పాటియా వంటి చోట పాఠశాలాధికారి సామర్థ్యము దీనివలననే తేలును.

పాటియా యనగా గుజరాతీలో పెద్దబాటనుండి ఊరిలోనికి దారి చీలు తావు. సూరతునుండి బార్డోలీ వైపు పోవు మార్గమున పర్వత్ గ్రామమునకు అట్టి తావు ఇది. గ్రామము నగరములో కలసిపోయినది; పేరు మిగిలినది. (పేరులో పర్వత మున్నను కనుచూపు మేరలో గుట్టయైనను లేదు. ఉన్నది పల్లపు నేలయు, దానిగుండ పారు ఖాడీయు. ఆ సంగతి తరువాత వచ్చును.) ఈ పరిసరములందును, లింబాయత్, డిండోలీ, ఉధనా ప్రాంతములందును తెలంగాణమునుండి వచ్చి మరమగ్గములపై జీవించు కుటుంబములు, విశేషించి పద్మశాలీలు, పెక్కేండ్లుగ నివసించుచున్నారు. సూరతు నగర ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమమునను బడులు నడుపుచున్నది. ఒక్క నగరపు సమితి ఏడు భాషలలో బోధన జరిపించుట చిన్న విషయము కాదు. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము కోరునదియు ఇట్టి యేర్పాటునే.

నేత కుటుంబమునకు వేసవి యనగా స్వగ్రామము. సూరతులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన కుటుంబము వరంగల్లులో దిగును. తిరిగి వచ్చు తేదీ మాత్రము ఎవరికిని నిశ్చయముగ తెలియదు. పెండ్లి జ్యేష్ఠమాసమున పడినను, ముసలి తల్లికి జబ్బు చేసినను, ఇచ్చట కార్ఖానాలో పని మందగించినను రాక జూలైకి జరుగును. కొన్ని కుటుంబములు ఆ యేడు అచ్చటనే నిలిచిపోవును. మరికొన్ని అచ్చటినుండి క్రొత్తగ బయలుదేరి వచ్చును. అట్టి సమయమున బాలుడు సూరతు పట్టికలో గైరుహాజరు. గ్రామపు పట్టికలో అతని పేరే లేదు. రెండు బడుల నడుమ ఒక సంవత్సరము జారిపోవును. తొమ్మిది పదేండ్ల వయస్సున అట్లు తప్పిన చదువు మరల దారికి వచ్చుట అరుదు. ఇంటిలో చీరలకు రాళ్ళు అంటించు పని, దారములు కత్తిరించు పని చిన్న చేతులకు ఎప్పుడును అందుబాటులోనే యుండును.

ఈ సభలోని వారికి బదిలీ కష్టము తెలియనిది కాదు. అయినను ప్రభుత్వోద్యోగి బదిలీకి ఉత్తరువు కలదు, క్రొత్తచోట చేరుటకు గడువు కలదు, బిడ్డలకు 1963 నుండి నడచుచున్న కేంద్రీయ విద్యాలయములు కలవు. ఏ ఊరికి పోయినను అదే పాఠ్యక్రమము. నేతపనివాని ప్రయాణమునకు ఉత్తరువు లేదు, గడువు లేదు. అతని బిడ్డను ఆదుకొనవలసినది ఆ వీధిలోని పురపాలక పాఠశాలయే.

చట్టము ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 2010 ఏప్రిలు 1నుండి అమలునకు వచ్చిన 2009 విద్యాహక్కు చట్టములోని 5వ సెక్షను బదిలీపత్రము జాగైనదని బాలుని చేర్చుకొనక మానరాదనుచున్నది. 14వ సెక్షను వయస్సు రుజువు లేదని, 15వ సెక్షను గడువు దాటినదని త్రిప్పి పంపరాదనుచున్నవి. చదువు తప్పినవానిని వయస్సునకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇమ్మని 4వ సెక్షను చెప్పును. వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్చు బాధ్యత స్థానిక సంస్థదే యని 9వ సెక్షను చెప్పును. ఇన్ని సెక్షనులున్నను, బల్ల ముందు కూర్చున్న గుమాస్తా “టి. సి. తీసికొని రండు” అను ఒక్కమాటతో చట్టమునంతయు రద్దు చేయగలడు. కావున ఈ నియమములను అతని భాషలో ఒక కాగితముపై వ్రాయించి, అతని కన్నుల యెదుట అంటించుట మే నెలలో ప్రధానోపాధ్యాయుడు చేయవలసిన మొదటి పని. ఒకటవ తరగతికి జూన్ 1 నాటికి ఆరేండ్లు నిండవలెనను నియమము 2023-24 నుండి గుజరాతున అమలగుచున్నది. దానిని ఏప్రిలులోనే తల్లిదండ్రులకు తెలుపుట మేలు.

పేరు వ్రాయుటలోని చిక్కు తెలుగువారికి ప్రత్యేకము. తెలంగాణమున ఇంటిపేరు ముందు, తనపేరు వెనుక. తండ్రిపేరు బాలిక పేరులో చేరదు. గుజరాతున ఇంటిపేరు, తనపేరు, తండ్రిపేరు మూడును వరుసగ కావలెను. గ్రామమునుండి వచ్చిన పత్రమున ఇంటిపేరు ఒక్క అక్షరముగ కుదించబడి యుండవచ్చును. ఆధార్ కార్డున పూర్తిగ నుండవచ్చును. సూరతు పట్టికలో దానికి తండ్రిపేరు తోడగును. శ్రీనివాసుని కుమార్తెయగు లక్ష్మి ఇట్లు మూడు కాగితములపై ముగ్గురు బాలికలగును. మూడవ తరగతిలో దీనిని ఎవరును పట్టించుకొనరు. పదవ తరగతి పరీక్షకు దరఖాస్తు పెట్టునాడు ఈ ముగ్గురిని ఒక్కరిగ చేయుటకు తండ్రి కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. తిరిగిన ప్రతి దినము కూలి పోవును. యూడైస్ ప్లస్ పట్టికలో 2022-23 నుండి ప్రతి విద్యార్థి వివరములు విడిగ నమోదగుచున్నందున ఈ తేడాలు ఇప్పుడు ముందుగనే బయటపడుచున్నవి. సరిచూచుటకు సెలవులను మించిన అదను లేదు.

ఇక ఆలస్యముగ వచ్చువారి కొరకు ఏమి సిద్ధపరచవలెను? సెలవులకు పోవు ముందటి వారమున ప్రతి తరగతి ఉపాధ్యాయుడును ప్రతి బిడ్డను అడిగి, పోవు గ్రామము పేరు, తిరిగి రాగల నెల, తండ్రి ఫోను నంబరుతో పాటు గ్రామములోని బంధువు నంబరును వ్రాసికొనవలెను. జూన్ మూడవ వారమున ఆ నంబరులకు ఒక్కసారి ఫోను చేసినచో, వచ్చువారెవరో, నిలిచిపోయినవారెవరో తేలును. నిలిచిపోయినవాని బదిలీపత్రము తండ్రి అడుగక ముందే గ్రామపు బడికి పోవుట న్యాయము. 2003లో గుజరాతు ప్రభుత్వము ప్రారంభించిన శాలా ప్రవేశోత్సవము మంచి సంప్రదాయము. కాని అది ఒకటవ తరగతిలో చేరు పసివారికే ముఖ్యముగ ఉత్సవము. జూలై వానలో నాలుగవ తరగతికి వచ్చి నిలుచున్న బాలునికి కుంకుమబొట్టును ఉండదు, మేళమును ఉండదు. అతనికి కావలసినది ఒక జత పుస్తకములు, తోడుగ కూర్చుండు ఒక సహాధ్యాయి. ఇండెంటు వ్రాయునప్పుడే ఇట్టివారిని లెక్కించి పుస్తకములు కోరవలెను. పట్టికలో లేనివానికి పుస్తకము లేదను సమాధానము పిల్లవానికి అర్థము కాదు. గుజరాతీ బోధనను 1నుండి 8 తరగతుల వరకు తప్పనిసరి చేయుచు 2023లో రాష్ట్ర శాసనము వచ్చినది. గ్రామమునుండి అయిదవ తరగతికి వచ్చిన బిడ్డకు ఆ లిపి పూర్తిగ క్రొత్త. అతనికి మొదటి మూడు మాసములు అక్షరములు నేర్పు ఉపాధ్యాయుడెవరో, ఏ గంటలో నేర్పునో కాలపట్టికలో ముందే వ్రాసియుండవలెను.

ఖాడీ సంగతి. 2025లో బడులు తెరచిన రెండు వారములకే, జూన్ 23న, సూరతున కుండపోతగ వాన కురిసి ఖాడీలు పొంగినవి, పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతములలో నీరు నిలిచినది, బడులకు సెలవిచ్చిరి. తాపీనది 2006 ఆగస్టులో నగరమును ముంచినట్టి మహావిపత్తు కాదిది. ఏటేట భయపెట్టు చిన్న విపత్తు. చిన్నది కనుకనే దీనికి సిద్ధపడుట సాధ్యము. ప్రవేశ పట్టికలును, భోజనపు ధాన్యమును క్రింది అంతస్తులో నేలపై నుండరాదు. త్రాగునీటి తొట్టి నీరు దిగిన పిమ్మట కడుగు బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయింపవలెను. సెలవు ప్రకటించిన వార్త తల్లులకు ఏ భాషలో, ఎవరి ద్వారా చేరునో గూడ.

అగ్నిభయమును గురించి సూరతు నగరమునకు ఎవరును చెప్పనక్కరలేదు. 2019 మే 24న, సెలవుల నడుమనే, సర్థాణాలోని తక్షశిలా భవనమున ట్యూషను తరగతిలో నున్న 22 మంది విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. మెట్లపై పేర్చిన విరిగిన బల్లలను సెలవులు ముగియులోపల తొలగింపని పాఠశాల, గోడకు ఎన్ని ఎర్ర డబ్బాలు వ్రేలాడదీసినను సిద్ధమైనట్లు కాదు.

పాఠశాల యాజమాన్య సంఘములో మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులు కావలెననియు, సగము స్త్రీలు కావలెననియు చట్టము. కాని పండ్రెండు గంటల పాళీలో మగ్గము ముందు నిలుచు తండ్రిని పనిదినమున పదకొండు గంటలకు సభకు పిలుచుట పిలువకపోవుటయే. పాళీ మారు వేళనో, ఆదివారముననో పిలిచినచో వారు వచ్చెదరు. తెలుగు, గుజరాతీ, ఆంగ్లము మూడును చదువగల కేంద్రోద్యోగులు ఇట్టి సభల యందే అక్కరకు వచ్చెదరు. సెలవులకు ముందు రెండు ఆదివారములు, సెలవులు ముగియు తరి రెండు ఆదివారములు బడి వరండాలో ఒక బల్ల వేసికొని కూర్చున్నచో, తల్లులు సంచులలో తెచ్చు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, బిడ్డ పేరును అన్నిటిలో ఒక్క తీరుగ వ్రాయించి పంపవచ్చును.