వెనక లైటుకు నల్లపూత

కారు వెనక లైట్లు పొగచూరినట్టు నల్లగా ఉంటే అదో దర్జా అని కుర్రకారు ముచ్చట. దానికోసం స్ప్రే డబ్బాలూ దొరుకుతున్నాయి. లైటు కడిగి, సన్న గరుకు కాగితంతో రుద్ది, చుట్టూ టేపు అంటించి, పలచగా రెండు మూడు పూతలు కొట్టడమే. పని సులువే. చిక్కంతా ఆ తరవాతే.

బల్బు కాంతిలో కొంత ఆ పూతే మింగేస్తుంది. రాత్రి చూసుకుని బాగానే వెలుగుతోందనుకుంటాం. మిట్టమధ్యాహ్నం ఎండలో బ్రేకు వేస్తే, లైటు వెలిగిందో లేదో వెనక వచ్చే లారీ డ్రైవరు పోల్చుకోలేడు.

ఇంతకన్నా పెద్ద నష్టం రిఫ్లెక్టరుకు. దానికి సొంత వెలుగు లేదు. వెనక బండి కాంతి పూత దాటి లోపలికి వెళ్లాలి, మళ్లీ పూత దాటే బయటికి రావాలి. పూత సగం కాంతిని ఆపేదైతే, తిరిగొచ్చేది పావు వంతే! చీకట్లో, రోడ్డు పక్కన లైట్లు ఆర్పి నిలిపిన కారుకు ఆ ఎర్రటి మెరుపే కదా దిక్కు.

హెడ్‌లైటుకు పూస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. మన దారి మనకే కనబడదు.

కంపెనీ ఇచ్చిన అమరిక మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 సవరణ తరవాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇప్పటికే పూసేశారా? థిన్నరు జోలికి పోకండి, లైటు ప్లాస్టిక్ బీటలిస్తుంది. నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో నెమ్మదిగా తీయించి, పాలిష్ పట్టించి, ఎండకు తట్టుకునే క్లియర్ కోటు వేయించండి.