వార్తను మోసికొని వచ్చు తీగ



మన గ్రామములకు విద్యుత్తు వచ్చి దశాబ్దములు గడచినవి. ఇన్నాళ్లును తీగ కరెంటును మాత్రమే తెచ్చినది. ఊరి కష్టమును తిరిగి కార్యాలయమునకు చేర్చలేదు. ట్రాన్స్‌ఫార్మరు కాలినచో ఎవరో ఒకరు పోయి చెప్పవలసినదే. అంతవరకు మడికి నీరు లేదు, ఇంటికి దీపము లేదు.

వార్త ఆలస్యమైనచో దేశమునకే ముప్పు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి, సుమారు 62 కోట్ల జనులు నివసించు ప్రాంతమునకు సరఫరా నిలిచిపోయినది. దక్షిణ గ్రిడ్డు నాడు వేరుగా నుండుటచే మనము తప్పించుకొంటిమి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా మనమును అందులో కలిసితిమి. నాటినుండి లాభము ఉమ్మడి, ఆపదయు ఉమ్మడి.

కావుననే పెద్ద సబ్‌స్టేషన్లలో గ్రిడ్డు నాడిని పట్టు యంత్రములను నెలకొల్పినారు. ఇవి ఉపగ్రహముల ద్వారా కాలమును సరిచూచుకొనుచు, సెకనుకు 25 లేక 50 మార్లు కొలతలు పంపును. పాత పద్ధతిలో కొన్ని సెకనుల కొకసారి మాత్రమే కొలత అందెడిది.

ఊరిలోని స్మార్టు మీటరు పనియు ఇట్టిదే. ఫీడరుకు, ట్రాన్స్‌ఫార్మరుకు అమర్చినచో, ఏ ఫేజుపై భారము మించినదో, సరఫరా ఎప్పుడు ఆగినదో సెల్‌ఫోను వలెనే కార్యాలయమునకు తెలుపును. కాలిపోకమునుపే భారమును సర్దుటకు వీలగును. 2021లో కేంద్ర ప్రభుత్వము 25 కోట్ల మీటర్లు లక్ష్యముగా ఒక పథకమును ఆరంభించినది.

మేము గ్రామములకు వచ్చినపుడు రైతులు ఒక ప్రశ్న అడుగుచుందురు: “మీటరు పెట్టినచో బిల్లు పెరుగునా?” ఇది న్యాయమైన ప్రశ్న. మీటరు కొలుచును, ధరను నిర్ణయించునది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. రాయితీ నిచ్చునది ప్రభుత్వము. కొలతపై సందేహము కలిగినచో ఫిర్యాదు చేయుడు. 2024 నిబంధనల ప్రకారము, ఫిర్యాదు అందిన 5 దినములలో మరియొక మీటరు నమర్చి సరిచూడవలెను.

కాని యంత్రము వార్త చెప్పునే గాని తీగను బాగుచేయలేదు. లైన్‌మన్ వచ్చువరకు ఆగలేక, నారు ఎండుచున్నదను ఆతురతతో ఫ్యూజు వేయబోయి ఎందరో రైతులు ప్రాణములు కోల్పోయినారు. ఏ.బి. స్విచ్చి దించినను ఒక బ్లేడు ఊడక నిలిచియుండవచ్చును. క్రిందనుండి చూచువారికి అది కానరాదు. కావున ట్రాన్స్‌ఫార్మరును ఎవరును తాకరాదు. 1912కు ఫోను చేయుడు, లైన్‌మన్‌కు కబురంపుడు. ఒక పూట ఎండిన మడి మరల తేరుకొనును. పోయిన మనిషి తిరిగి రాడు.