నగదుతో కట్టేవాళ్లకే ఎక్కువ ధరా?

(ఉమ్మడి అనంతపురం జిల్లా తండా యువత సమావేశంలో మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా కొంచెం సరిచేసి పెడుతున్నాం.)



భూమి పట్టాల గురించి మాట్లాడతాడనుకుంటే సెల్‌ఫోన్ రీచార్జి గురించి మొదలుపెట్టినాడేందని వెనకాల కొందరు నవ్వుతాండారు. నవ్వండి, పర్వాలేదు. కానీ ఈరోజు ఏ ఆఫీసు పని మీద పోయినా ముందు అడిగేది ఓటీపీ. ఆధార్‌కు లింకైన నంబరు ఆగిపోతే మన పని కూడా ఆడనే ఆగిపోతాది. బెంగుళూరుకో కేరళకో పనికి పోయిన అమ్మానాయన తండాలో అవ్వ దగ్గరున్న పిల్లోనితో మాట్లాడాలన్నా ఆ ఫోనే దిక్కు. రేషన్ బియ్యం ధర గురించి మాట్లాడినట్టే దీని ధర గురించి కూడా మాట్లాడాల.

2024 జులై 3న జియో, ఎయిర్‌టెల్, మరుసటి రోజు వీఐ రేట్లు పెంచినాయి. 28 రోజుల చిన్న ప్యాక్ జియోలో 155 నుంచి 189కి, మిగతా రెండిట్లో 179 నుంచి 199కి పోయింది. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2025-26కి రోజుకు 307 రూపాయలు, అదీ కొలత సరిపోతేనే. ఇంక ఈ 28 రోజుల మాయ మీకు తెలిసిందే. ఏడాదికి నెలలు 12, రీచార్జిలు 13. కనీసం ఒక్క 30 రోజుల ప్యాక్ అయినా ఉంచమని ట్రాయ్ 2022లో చెప్పింది. కంపెనీలు పెట్టినాయి. మన అంగళ్లలో దాని పేరెత్తేవాళ్లు యాడుండారు?

2024 డిసెంబరులో ట్రాయ్ ఇంకో మంచి పని చేసింది. డేటా అక్కర్లేనివాళ్లకు మాటలు, మెసేజిలు మాత్రమే ఉండే ప్యాక్ ఇవ్వాలని నిబంధన పెట్టింది. మన అవ్వాతాతల బటన్ ఫోన్లకు సరిగ్గా కావాల్సింది అదే. 2025 జనవరిలో ఆ ప్యాక్‌లు వచ్చినాయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, 365 రోజులకు 1,849. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. అప్పుడు ఈ రెండు కంపెనీలూ 28 రోజులకు అట్లాంటి ప్యాక్ పెట్టలేదు.

లెక్క చూడండి. 199 చొప్పున 13 సార్లు వేస్తే 2,587 రూపాయలు. ఏడాదికి ఒకేసారి కట్టగలిగినాయన ఇచ్చేది 1,849. తేడా 738, అంటే మనకు రెండు రోజుల కూలికి పైనే. ఆ 199లో 2 జీబీ డేటా ఉంది గదా అంటారు. బటన్ ఫోన్ అవ్వ ఆ డేటాను ఏం చేసుకోవాల, చద్దన్నంలో నంజుకోవాల్నా? చేతిలో డబ్బున్నాయనకు రోజుకు 5 రూపాయలు, లేనామెకు 7 రూపాయలు. ఇదీ వరస.

దీనికి తోడు కట్టే పద్ధతిని బట్టి కూడా తగ్గింపులు పెట్టినారు. 2022లో ఎయిర్‌టెల్, యాక్సిస్ బ్యాంకు కలిసి ఒక క్రెడిట్ కార్డు తెచ్చినాయి. ఆ కార్డుతో కంపెనీ యాప్‌లో బిల్లు కడితే 25 శాతం వెనక్కి ఇస్తామన్నారు, నెలకు ఇంత అని పరిమితి పెట్టినారు. యాప్‌లలో ఆటోపే పెట్టుకుంటే క్యాష్‌బ్యాక్ అని ఆఫర్లు వచ్చిపోతుంటాయి. క్రెడిట్ కార్డు ఎవరికిస్తారు? జీతం స్లిప్పు ఉన్నోళ్లకు. తండాలో మనం నోటు పట్టుకొని అంగడికి పోతాం. 199 ప్యాక్‌కు 205, ఒక్కోచోట 210 ఇచ్చి వస్తాం. అంగడాయన్ను తిట్టి లాభం లేదు, ఆయనకొచ్చే కమీషన్ ఎంతని?

ఆటోపే మీరూ పెట్టుకోవచ్చు గదా, 2020 నుంచి యూపీఐలోనే ఉంది గదా అని చదువుకున్న తమ్ముళ్లే అడుగుతారు. పెట్టుకోవచ్చు. కానీ ఆటోపే పనిచేయాలంటే ఆ తేదీన ఖాతాలో డబ్బుండాల. ఉపాధి కూలి 15 రోజుల్లో పడాలని చట్టంలో రాసుంది. ఎప్పుడు పడతాదో మీకే తెలుసు. శెనక్కాయ డబ్బు ఏడాదికోసారి, అదీ వాన కరుణిస్తే. ఆటోపే జీతగాళ్ల కొలతకు కుట్టిన చొక్కా, మన ఒంటికి పట్టదు.

అమెరికాలో కూడా ఇట్లాంటి గొడవుంది. 2023లో టీ-మొబైల్ కంపెనీ క్రెడిట్ కార్డుతో కట్టేవాళ్లకు ఆటోపే తగ్గింపు తీసేసింది. బ్యాంకు ఖాతానో డెబిట్ కార్డో ఇస్తేనే లైనుకు 5 డాలర్లు తగ్గిస్తామంది. ఆడ కార్డున్నోళ్లకు కోపమొచ్చింది. ఈడ మనకు కార్డే లేదు. తగ్గింపు ఎవరికి దక్కాలో కంపెనీ తన ఖర్చును బట్టి రాసుకుంటాదనేది మాత్రం రెండు చోట్లా ఒకటే.

వ్యాపారం వాళ్లది, ధర వాళ్లిష్టం అనేవాళ్లకు ఒక్క మాట. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటా ధరల్లో వివక్ష కుదరదని నిబంధన తెచ్చింది. ఆ దెబ్బకే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ మన దేశంలో మూతపడింది. లక్షల మంది ఈమెయిళ్లు రాసినారు కాబట్టే అంత కదలిక వచ్చింది. ఆ రాసినోళ్లలో తండాలోళ్లు ఎంతమంది ఉంటారు? ఈసారి మనం రాయాల.

ఏం అడుగుదాం? మాటల ప్యాక్ 28 రోజులకో 30 రోజులకో ఉండాల, రోజు లెక్కన ఏడాది ప్యాక్ ధరకే ఉండాల. నగదుతో కట్టినా యాప్‌లో కట్టినా ఒకే ధర. వ్యాలిడిటీ అయిపోయినా కనీసం 90 రోజులు ఓటీపీలు రావాల. వాడకుండా 90 రోజులు కాకముందే నంబరు తీసేయకూడదని ట్రాయ్ నిబంధన ఇప్పటికే ఉంది. నంబరు ఉండి మెసేజి రాకపోతే ఏం లాభం?

మీ ఇంట్లో పోయిన ఏడాది ఎన్నిసార్లు రీచార్జి చేసినారో, ఎంత కట్టినారో, అంగట్లో పైన ఎంత ఇచ్చినారో ఒక కాగితం మీద రాయండి. మెసేజిలు తీసేయొద్దు. అవ్వల ఫోన్లు కూడా చూడండి. డబ్బు కోసి ప్యాక్ పడకపోతే ముందు కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, ఆ తర్వాత 1915కి చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. వచ్చే సమావేశానికి తండాకొక కట్ట కాగితాలు తీసుకురండి. ట్రాయ్‌కి పోయే లెటర్ ఆ రోజే కూర్చుని రాస్తాం.